వగరును వగరనే అందాం

పోయిన వేసవిలో పుణెలో రెండు రోజుల వైన్ టేస్టింగ్ క్లాసుకి వెళ్లాను. రెండో రోజు మధ్యాహ్నం మా ముందుకి వచ్చిన గ్లాసులో ఓక్ చెక్క పీపాలో తొమ్మిది నెలలు ఉంచిన షార్డొనే ఉంది, అదే పేరున్న ద్రాక్షతో చేసే తెల్ల వైన్. వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, ఎవరికి తోచింది వాళ్లు కాగితం మీద రాయాలి. నాకు ముందుగా తోచిన మాట వగరు. క్లాసు హిందీలో నడుస్తోంది కాబట్టి ‘కసైలా’ అని రాశాను. క్లాసు చెప్పేవారు నా కాగితం చూసి, “తెల్ల వైన్‌కి ఈ మాట రాయకండి, కొనేవాళ్లు భయపడతారు. ‘స్ట్రక్చర్ బాగుంది’ అని రాయండి” అన్నారు. కొట్టేసి ఆ మాటే రాశాను. రైలు మా ఊరు షోలాపూర్ చేరేదాకా ఆ కొట్టివేత నన్ను వదల్లేదు.

ఆయన తప్పుగా ఏమీ అనలేదు. వైన్ అమ్మేవాళ్లకి మాటలు నేర్పడం ఆయన వృత్తి. కానీ నాలుకకి తగిలినదాన్ని తగిలినట్టు చెప్పకపోతే రుచి చూడటం దేనికి? అందులోనూ ఆరు రుచుల్లో వగరుకి చోటిచ్చి, ఏటా ఉగాది నాడు చిన్నపిల్లల చేత కూడా దాన్ని వెతికించే భాష మనది. పీపాలో పండిన తెల్ల వైన్ రుచి చెప్పడానికి మన వంటింటి మాటలు సరిపోతాయని, కొన్నిచోట్ల ఇంగ్లీషు మాటలకంటే అవే సూటిగా ఉంటాయని నా నమ్మకం. భాష మీద ప్రేమ ఉంది, కానీ దాని కోసం అంటున్నది కాదు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మాటకీ వస్తువుకీ మధ్య దారి ఎంత తిన్నగా ఉంటే అంత మంచిదన్నదే నా పట్టుదల.

మామ ఏమన్నాడంటే

అదే సీసా ఒకటి కొని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ ఆదివారం ఊళ్లోని సాఖర్ పేట నుంచి మా మేనమామ వచ్చాడు. మామ ముప్పై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చద్దర్లు నేశాడు. చిన్నతనమంతా సిరిసిల్ల దగ్గర పల్లెలో గడిచింది. అక్కడి కల్లు రుచులు ఇప్పటికీ నోట్లోనే ఉన్నాయంటాడు, పోద్దాటి కల్లుకీ పరుపుదాటి కల్లుకీ తేడా కళ్లు మూసుకుని చెప్తానంటాడు. వైన్ మాత్రం అంతకుముందు ఎన్నడూ తాగలేదు. షార్డొనే అన్న పేరే వినలేదు. అందుకే నాకు ఆయన మాట కావాల్సి వచ్చింది.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే సగం గ్లాసు పోసిచ్చాను. మామ వాసన చూడలేదు, నేరుగా నోట్లో పోసుకున్నాడు. కాసేపు నాలుకని అంగిలికి రాసి చూసుకుని, “తియ్యగ లేదు. పులుపున్నది గని నిమ్మకాయ పులుపు గాదు, పెరుగు పులుపు. ఎన్కకెల్లి వగరొస్తున్నది. కొత్త కుండల నీళ్లు తాగినట్టున్నది బిడ్డా” అన్నాడు.

గ్లాసు పక్కన పెట్టి ఇంటి విషయాల్లో పడ్డాం. ఇరవై నిమిషాలయ్యాక మిగిలింది తాగబోతూ ఆగాడు. గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “ఎన్న కాగవెట్టిన గిన్నె వాసనొస్తున్నదిరా. అడుగుకు ఎర్రగ అంటుకుంటది సూడు, గది. ఎండుకొబ్బరి వాసన గూడ.”

పెరుగు పులుపు, వెన్న కాచిన గిన్నె, ఎండుకొబ్బరి, వగరు. ఈ నాలుగింటినీ నా పాఠ్యపుస్తకాల పక్కన పెట్టి చూస్తే ఒక్కటి కూడా గురి తప్పలేదు. ద్రాక్షలో టార్టారిక్, మాలిక్ అని రెండు ముఖ్యమైన ఆమ్లాలు ఉంటాయి. మాలిక్ ఆమ్లానిది పచ్చి ఆపిల్ పులుపు. పీపాలో ఈనోకాకస్ ఈనై అనే బ్యాక్టీరియా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, అంటే పెరుగులో ఉండే ఆమ్లంగా. ఆ మార్పు జరిగే రోజుల్లోనే డయాసెటిల్ పుడుతుంది. వెన్నకి వెన్న వాసన ఇచ్చే పదార్థాల్లో అదొకటి. ఎండుకొబ్బరి ఓక్ చెక్కలోని లాక్టోన్లది. అమెరికా ఓక్‌లో ఆ వాసన ఎక్కువ, ఫ్రెంచి ఓక్‌లో తక్కువ. వగరు చెక్కలోంచి వైన్‌లోకి దిగిన టానిన్లది. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి, నోటిలో జారుడు పోయి నాలుక గరుకు తేలుతుంది.

మామకి ఈ కెమిస్ట్రీలో ఒక్క ముక్క తెలీదు. క్లాసు కాగితంలో ఇవే గుణాలకి బటర్‌స్కాచ్, బ్రియోష్, కోకోనట్ క్రీమ్, స్ట్రక్చర్ అని అచ్చేసి ఉంది. బ్రియోష్ అనే ఫ్రెంచి బ్రెడ్డు నేను ఇంతవరకు తినలేదు. తినని వస్తువు వాసన గ్లాసులో వస్తోందని సంతకం పెట్టి ఇచ్చాను కదా అని ఇప్పుడు బాధగా ఉంది.

పీపా దగ్గర

షోలాపూర్ జిల్లా వాళ్లకి ద్రాక్ష కొత్త కాదు. నాన్నజ్‌లో పుట్టిన సోనాకా రకం మన ఊరి బళ్ల మీద ప్రతి ఫిబ్రవరిలో కనిపించేదే, బేదాణా (ఎండుద్రాక్ష) చేసే షెడ్లు దారి పొడుగునా ఉన్నవే. అక్లూజ్ వైపు షార్డొనే లాంటి వైన్ రకాలు వచ్చి పదిహేనేళ్లు దాటింది. పండు చిన్నది, లోపల విత్తనాలు, తినడానికి ఎవరూ కొనరు. మిగతా సాగు మాత్రం మన పద్ధతిలోనే. ఏప్రిల్‌లో ఖరడ్ ఛాట్నీ, అక్టోబర్‌లో గోడీ ఛాట్నీ అని తీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, కోత జనవరి, ఫిబ్రవరుల్లో. చలికాలపు తెల్లవారుజామున కోసి, ఎండ ఎక్కకముందే గానుగలాంటి ప్రెస్సులో పిండుతారు.

అటువైపు ఒక సెల్లార్‌లో నా పాత విద్యార్థి పనిచేస్తున్నాడు, మరాఠీ అబ్బాయి. మామ మాటలు విన్నాక ఆ పీపాలు చూడాలనిపించి వెళ్లాను. బయట నలభై దాటిన ఎండ, లోపల స్వెటర్ కావాల్సినంత చలి. ఒక్కో పీపా 225 లీటర్లు. ఫ్రాన్స్ అడవుల ఓక్‌ని రంపంతో కోయకుండా నార వెంబడి చీల్చి, ఆ పలకల్ని రెండు మూడేళ్లు ఆరుబయట వానకీ ఎండకీ వదిలేస్తారు. చెక్కలోని చేదూ మొరటు వగరూ వానకి కొంత కొట్టుకుపోతాయి. తర్వాత నిప్పుల కుంపటి మీద పలకల్ని వంచి పీపా కడతారు, లోపలి గోడ ఆ మంటకే వేగుతుంది. ఖాళీ పీపాలో తల పెట్టి వాసన చూడమన్నాడు. పెనం మీద జొన్న రొట్టె అంచు నల్లబడే ముందు వచ్చే వాసన. దాన్ని ‘టోస్ట్’ అంటారు సర్ అన్నాడు. కడక్ భాకరీ అని ఎందుకనవు అని అడిగాను. కాసేపు ఆలోచించి తలూపాడు.

ఒక పీపా బిరడా తీసి, పొడవాటి గాజు గొట్టం దింపి, పై చివర బొటనవేలితో మూసి ఎత్తాడు. గొట్టంలో వచ్చింది బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. అడుగున పేరుకున్న ఈస్టు మడ్డిని ఆ పొద్దునే కదిపాడట. కొక్కెంలా వంచిన స్టీలు కడ్డీ పెట్టి కొన్ని వారాలకోసారి అలా కలుపుతారు. చచ్చిన ఈస్టు కణాలు కరిగి వైన్‌కి చిక్కదనం ఇస్తాయి, గాలి వల్ల చెడిపోకుండా కూడా కొంత కాపాడతాయి. తెలుగులో మడ్డి అంటే పారబోసేదని అర్థం. ఇక్కడ దాన్ని పోగొట్టుకోకుండా నెలల తరబడి దగ్గర పెట్టుకుంటారు.

అక్కడ నాకు తెలిసిన ఒక విషయం ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకే తోట రసాన్ని రెండుగా చేశారు. ఒక భాగం పీపాలోనే పులిసి, పీపాలోనే ఉంది. రెండోది స్టీలు ట్యాంకులో పులిశాక పీపాలోకి వచ్చింది. చెక్కతో ఎక్కువకాలం ఉన్నది మొదటిది కదా, చెక్క వాసన దానిలోనే ఎక్కువ ఉండాలి అనుకుంటాం. నాలుక మీద సరిగ్గా తలకిందులు. బతికున్న ఈస్టు చెక్కలోంచి వచ్చిన, వెనిలా వాసనిచ్చే వెనిలిన్‌ని వాసన అంతగా లేని ఇంకో పదార్థంగా మార్చేస్తుంది. మడ్డి టానిన్లను కొంత పట్టుకుంటుంది. అందుకే రెండో గ్లాసు ఐస్‌క్రీమ్ వాసన కొట్టింది, వగరు పచ్చి అరటికాయ తొక్క కొరికినట్టు పళ్ల మీద పట్టింది. మొదటి గ్లాసులో కూడా వగరు ఉంది, కానీ అది వక్క నమిలి ఊసేశాక కాసేపటికి నోట్లో మిగిలేలాంటిది. నోరు ఎండిపోవడం లేదు, శుభ్రపడినట్టు అనిపిస్తుంది, ఇంకో ముద్ద అన్నం తినాలనిపిస్తుంది.

నా వాదనంతా ఈ రెండు గ్లాసుల మధ్యే ఉంది. ‘స్ట్రక్చర్’ అన్న మాట ఈ రెండింటికీ ఒకటే. మనకి వగరు ఒకటి కాదు. పచ్చి అరటికాయ వగరు వేరు, నేరేడు పండు వగరు వేరు, వక్క వగరు వేరు, మామిడి పిందె వగరులో పులుపు కలిసి ఉంటుంది, కరక్కాయ వగరు నమిలినకొద్దీ తియ్యబడుతుంది. ఈ తేడాలు నేర్చుకోవడానికి ఎవరికీ క్లాసు అక్కర్లేదు, పదేళ్లు నిండేలోపు నోటికి తెలిసిపోయి ఉంటాయి. అంత పనికొచ్చే కొలబద్ద చేతిలో పెట్టుకుని, కొనేవాళ్లు భయపడతారని దాన్ని దాచుకోవడం నాకు నష్టంగానే కనిపిస్తోంది.

నాకే వచ్చిన అనుమానాలు

మొదటి అనుమానం నా ఫ్రిజ్ మీద. చల్లదనం వాసనల్ని అణిచేస్తుంది, వగరునీ చేదునీ ముందుకు తోస్తుంది. ఇలాంటి వైన్ పది నుంచి పదమూడు డిగ్రీల మధ్య బాగుంటుంది, ఇంట్లో ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది. షోలాపూర్ మే నెలలో చల్లగా ఇవ్వాలన్న ఆత్రంలో నేనే వగరును పెంచి మామకి పోశానా? ఇరవై నిమిషాల తర్వాత వెన్న, కొబ్బరి బయటికి రావడం చూస్తే సగం నిజం అదే. అందుకని ఇంకోసారి సరైన చల్లదనంలో పెట్టి చూశాను. మూడు గ్లాసులు: రెండింటిలో చెక్క తగలని ట్యాంకు షార్డొనే, ఒకదానిలో పీపా షార్డొనే. వేరేదేదో చెప్పమన్నాను. నాలుగుసార్లు గ్లాసులు మార్చి పెడితే మూడుసార్లు పట్టుకున్నాడు. పట్టుకున్న ప్రతిసారీ “వగరు సన్నగున్నది, గని ఉన్నది” అన్నాడు. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, నాలుగుసార్లతో ఏదీ తేలదని నేనే పిల్లలకి చెప్తాను. పైగా గ్లాసులు పోసింది నేను, ఏది ఏమిటో తెలిసింది నాకు. నా ముఖం చూసి చెప్పాడేమో కూడా.

రెండో అనుమానం అన్ని భాషలకీ సంబంధించింది. 2001లో మోరో, బ్రోషే, దుబూర్దియూ అనే ఫ్రెంచి పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. బోర్దోలో 54 మంది వైన్ విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. ఆ పిల్లలు ఎర్ర వైన్‌కి వాడే మాటలే రాశారు. చదువుకున్న ముక్కులే కంటి వెనక నడిచాయి. అలాంటప్పుడు మామ మాటలు మాత్రం శుద్ధమని నేనెలా అనగలను? అనలేను. నేను చెప్పగలిగింది ఒక్కటే. మామ దగ్గర అచ్చేసిన జాబితా లేదు, ఫలానాది వెతుక్కోమని చెప్పినవాళ్లు లేరు.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. మా కాలేజీలో బరంపురం నుంచి వచ్చిన ఒక తెలుగాయన ఉన్నారు. అదే వైన్ రుచి చూపించి, “కమ్మగా ఉంది కదండీ” అన్నాను. అవునన్నారు. రెండు నిమిషాలు మాట్లాడాక అర్థమైంది, మేం ఇద్దరం ఒకే మాటతో రెండు సంగతులు చెప్తున్నాం. ఆయనకి కమ్మగా అంటే నోటికి నచ్చింది అని, అంతే. మా ఇంట్లో కమ్మటి పెరుగు అంటే పులవని పెరుగు, కమ్మటి వాసన అంటే నెయ్యిదీ వేగిన పప్పుదీ. ఒడిశా అంచున ఉన్న తెలుగు, మహారాష్ట్ర అంచున ఉన్న తెలుగు ఒకే గ్లాసు మీద విడిపోయాయి. వంటింటి మాటలు సూటిగా ఉంటాయన్న నా నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. కొన్ని మాటలు సూటిగా ఉంటాయి, కొన్ని ఉండవు. వగరు విషయంలో ఆయనకీ నాకూ తేడా రాలేదు, కొబ్బరి విషయంలో రాలేదు. కమ్మదనం దగ్గర వచ్చింది. వస్తువు పేరు పెట్టి చెప్పిన మాట నిలబడింది, మెచ్చుకోలు కలిసిన మాట జారిపోయింది.

చిన్న సీసాలు

ఈ చిక్కు మనం కొత్తగా కనిపెట్టింది కాదు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ 1984లో వైన్ వాసనల చక్రం ఒకటి తయారుచేశారు. హుందాతనం, సొగసు లాంటి మాటలు తీసేసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడగలిగిన వస్తువుల పేర్లే అందులో ఉంచారు. ప్రతి మాటకీ ఒక నమూనా: ఏ వాసనా పెద్దగా లేని వైన్‌లో లవంగం నానబెట్టడం, డబ్బాలో నిలవ చేసిన ఆస్పరాగస్ నీళ్లు నాలుగు చుక్కలు వేయడం, ఇలాగ. అందరూ అదే గ్లాసు వాసన చూసి అదే మాట అంటారు. ఆ చక్రంలో ఉన్నవి వాళ్ల వంటిళ్ల సామాన్లు. సూత్రం మాత్రం ఎవరిదైనా కావచ్చు. డబ్బా ఆస్పరాగస్ మా వీధిలో దొరకదు, ఎండుకొబ్బరి దొరుకుతుంది.

అందుకని ల్యాబు నుంచి చిన్న సీసాలు తెచ్చుకుని సాదా తెల్ల వైన్‌లో నమూనాలు చేసి పెట్టుకున్నాను. ఒకదానిలో ఎండుకొబ్బరి తురుము. ఒకదానిలో లవంగం, ఆ వాసన నిజంగానే ఓక్‌లో ఉంటుంది, దాన్నిచ్చే యూజినాల్ రెండింటిలోనూ ఒకటే. ఒకదానిలో నెయ్యి కాచిన గిన్నె అడుగు గోకి వేశాను. ఒకదానిలో మాడీమాడని జొన్న రొట్టె అంచు. వగరుకి వక్క, పచ్చి అరటికాయ తొక్క, నేరేడు గింజ విడివిడిగా. నెయ్యి సీసా రెండో రోజుకే కంపు కొట్టింది, దాన్ని ఏ పూటకాపూట చేసుకోవాల్సిందే. జొన్న రొట్టెది వారం దాకా బాగుంది. బరంపురం ఆయన్ని కూర్చోబెట్టి ఈ సీసాలతో మళ్లీ మొదలుపెడితే కమ్మగా అన్న మాట మా మధ్యకి రానే లేదు. “నెయ్యి తక్కువ, రొట్టె ఎక్కువ” అన్నారు. నాకూ అలాగే తోచింది.

వెనిలా అన్న మాటని మాత్రం నేను తీసేయలేదు. వెనిలా కాయ మన ఇళ్లలో ఎవరూ చూసి ఉండరు. కానీ ఐస్‌క్రీమ్, కస్టర్డు, కేకు ద్వారా ఆ వాసన అందరికీ తెలుసు. ఎసెన్సులో వాసన ఇచ్చేది వెనిలినే, ఓక్‌ని కాల్చినప్పుడు వచ్చేదీ వెనిలినే. ఒకప్పుడు ఈ ఎసెన్సుకి కావాల్సిన వెనిలిన్‌ని కాగితం మిల్లుల్లో చెక్క ఉడికించగా మిగిలిన ద్రవంలోంచే తీసేవాళ్లు. చెక్క నుంచి చెక్కకి వచ్చిన మాట అది, ఉండనివ్వాలి. తెలుగులో చెప్పడం అంటే ఇంగ్లీషు మాటలన్నీ ఏరిపారేయడం అని నా ఉద్దేశం కాదు. నా నోటికి, ముక్కుకి పరిచయం ఉన్నదా లేదా అన్నదే నేను చూసేది.

మా అత్త చెప్పిన అడ్డు వీటన్నిటికంటే పెద్దది. “మీ మామకు ఈ రుచులెందుకు నేర్పుతున్నవు? ఈ గల్లీల తాగుడుతోని ఎన్ని కొంపలు కూలినయో నీకెర్కలేదా?” అంది. ఎరుకే. సాంచా ఆగిన రోజున జీతం ఎటు పోతుందో, ఆ రాత్రి పక్కింట్లో ఏం వినపడుతుందో చూస్తూ పెరిగాను. ఈ సీసాలో 13 శాతం దాకా ఆల్కహాల్ ఉంది, అది ఎంత మంచి పీపాలో ఉన్నా ఆల్కహాలే. అత్తకి నేను ఎదురు చెప్పలేదు. ఇప్పుడు మామ రుచి చూసి ఊసేస్తున్నాడు, సెల్లార్‌లో పనిచేసేవాళ్లు ఎలాగూ చేసేది అదే. ఆ పక్కనే ఇత్తడి చెంబు పెట్టుకుని కూర్చుంటాడు.

ఈ ఉగాది అయిన నాలుగో రోజు మళ్లీ ఆ సెల్లార్‌కి వెళ్లాను. జనవరిలో కోసిన షార్డొనే పీపాల్లోకి వచ్చేసింది. పీపాల మొహాల మీద సుద్దతో బ్యాచ్ నంబర్లు, తేదీలు రాసి ఉంటాయి. ఈసారి నంబరు కింద ఇంకో వరుస కనిపించింది. కొత్త చెక్క పీపా మీద మరాఠీలో ‘తురట్ - కచ్చే కేళే’. దాని పక్కన మూడేళ్లుగా వాడుతున్న పీపా మీద ‘తురట్ - సుపారీ’. తురట్ అంటే మన వగరే, కచ్చే కేళే అంటే పచ్చి అరటికాయ, సుపారీ అంటే వక్క. మూడో పీపా మీద నా పాత విద్యార్థి తురట్ అని రాసి, గీత గీసి, పక్కన ఖాళీ వదిలేశాడు. నన్ను చూసి బిరడా తీశాడు, గాజు గొట్టం నా చేతిలో పెట్టాడు.